చెరువులో ఏ తలుపు తీస్తారు?

ఆయన పోయిన రోజు ఉదయం కూడా చెరువులో వల వేసి వచ్చాడు. పడవ కట్టేసి, ఇంటికి వచ్చి, తాళాలగుత్తి మేకుకు తగిలించి, కాసేపు నడుం వాలుస్తానన్నాడు. మళ్ళీ లేవలేదు. వల మాత్రం చెరువు నడుమ ఉండిపోయింది. దాని తెల్ల బెండు వంటింటి కిటికీలోంచి కనబడుతూనే ఉండేది. ఆయన భార్య ఆ కిటికీ మూసి వంట చేసేది.

చివరికి ఒక ఉదయం ఆవిడ, "ఆ వల తీసుకొచ్చేయండి. అదలా నీళ్ళలో ఉంటే నాకు ముద్ద దిగడం లేదు" అంది.

పని చిన్నదే. భోజనాల వేళకు వచ్చేయవచ్చని ఇద్దరు బయలుదేరారు. ఒకరు ఆవిడ అన్నయ్య, బస్సు నడుపుతాడు. రెండోవాడు ఆవిడ మరిది, కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ఇద్దరిలో ఎవరూ పడవ మోటారు ముట్టుకున్నవారు కారు. ఆ సంగతి ఒప్పుకునేవారూ కారు. ఆవిడ ఇంటికి తాళం వేసి, గుత్తి చేత పట్టుకుని వెంట వచ్చి గట్టున కూర్చుంది.

అన్నయ్య మోటారు తాడు లాగాడు. పలకలేదు. మళ్ళీ లాగాడు. భుజం పట్టేసింది.

"గేరులో ఉందేమో చూడు బావా."

"న్యూట్రల్‌లోనే ఉంది. బస్సు నడిపేవాడికి గేరు సంగతి చెప్తావా?"

"బస్సు నీళ్ళలో నడిపావా ఎప్పుడైనా?"

"ఒక్క వానాకాలం మా రూట్లో ఎక్కి చూడు."

అన్నయ్య ట్యాంకు వాసన చూసి, పెట్రోలు పాతబడిందని తేల్చాడు. ఉన్నదంతా ఇసుకలో పారబోసి, బంకుకు వెళ్ళి డబ్బాతో కొత్తది తెచ్చి గట్టున పెట్టాడు. అతను టీ తాగి వచ్చేలోగా మరిది ప్లగ్గు ఊడదీసి, అందిన బోల్టులన్నీ ఆ కొత్త పెట్రోలులో కడిగేశాడు. పెట్రోలు నల్లగా మారింది.

"ట్యాంకులో పొయ్యమని తెస్తే స్నానం చేయించావా?"

"ఎలా మెరుస్తున్నాయో చూడు బావా!"

ఆ మెరుపుతోనూ మోటారు పలకలేదు. రెక్కకు నాచు చుట్టుకుందేమోనని మోటారును పైకెత్తి, ఉన్న ఒక్క తెడ్డూ దాని కింద ఆనించారు. మోటారు జారింది. తెడ్డు ఎగిరి నీళ్ళలో పడింది. తప్పెవరిదో ఇద్దరూ తేల్చుకునేలోగా అది గాలివాటున మెల్లగా వెళ్ళిపోయింది.

"ఆయన ఒక్కసారి లాగితే చాలు, పలికేది" అంది ఆవిడ. ఇద్దరూ తలలు దించుకున్నారు.

మరిది మళ్ళీ ప్లగ్గు ఊడదీశాడు. "వదినా, ఆ గుత్తి ఇలా ఇవ్వు. ప్లగ్గుకు ఇంకా మసి ఉన్నట్టుంది, తాళంచెవితో గీకుతాను."

ఆవిడ అందించింది. గుత్తికి ఒక ఎర్రటి మెలికల తాడు, తాడు చివర చిన్న ప్లాస్టిక్ క్లిప్పు ఉన్నాయి. మరిది చెయ్యి ఆగింది. మోటారు మీది ఎర్ర బొత్తాం కింద సరిగ్గా ఆ క్లిప్పు పట్టేంత సందు ఖాళీగా ఉంది.

"ఇదెక్కడిది వదినా?"

"అలంకారమనుకున్నాను. రోజూ పొద్దున్నే గుత్తి పట్టుకుపోయేవారు. ఇంట్లో నేనుండగా తాళాలెందుకు, చెరువులో ఏ తలుపు తీస్తారని వేళాకోళం చేసేదాన్ని. నవ్వి ఊరుకునేవారు."

అన్నయ్య ఆ తాడును చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"ఇది చేతికి కట్టుకోవాలమ్మా. మనిషి నీళ్ళలో పడితే క్లిప్పు ఊడొస్తుంది. మోటారు ఆగిపోతుంది. ఇది పెట్టందే అసలు పలకదు. మనిషి లేకుండా పడవ వెళ్ళిపోకూడదని."

మరిది ప్లగ్గు బిగించాడు. ఆవిడ పడవ ఎక్కి, ఎర్ర తాడు మణికట్టుకు చుట్టుకుని, క్లిప్పు తానే పెట్టింది. అన్నయ్య లాగాడు.

ఒక్కసారికే మోటారు మోగింది. రోజూ వంటింట్లోకి వినబడిన చప్పుడే. ఆవిడ కళ్ళు మూసుకుని విన్నది.

మరిది సంబరంగా పడవ కట్టు విప్పబోయాడు. అంతలో పైపులో మిగిలి ఉన్న కాస్త పెట్రోలూ అయిపోయింది. మోటారు దగ్గి ఆగింది.

"క్లిప్పు ఊడిందా అమ్మా?"

"లేదన్నయ్యా" అని ఆవిడ మణికట్టు చూపింది.

ట్యాంకు ఖాళీ. డబ్బాలో మడ్డి. తెడ్డు అవతలి గట్టు దారిలో ఉంది.

"అయితే మోటారులో ఏ లోపమూ లేదన్నమాట" అన్నాడు అన్నయ్య.

"లోపాలన్నీ మనమే తెచ్చాం బావా" అన్నాడు మరిది.

ఇంటి తలుపు తీసేటప్పుడు కూడా ఆ తాడు ఆవిడ చేతికే ఉంది. ఆ రోజు కిటికీ తెరిచి వంట చేసింది.

వల ఇంకా తీయలేదు.