రబ్బరు వచ్చేదాకా కాంటా దిగరాదు

వస్తువుకు బరువును భూమి ఇస్తుందని బడి పుస్తకాల్లో ఇప్పటికీ రాస్తున్నారు. పిల్లల్ని తప్పుదారి పట్టించడం బాగుండదు కాబట్టి అసలు సంగతి చెబుతున్నాను. రెండువేల తొమ్మిది యాసంగి పంటకాలం నుంచి మా సూర్యాపేట ప్రాంతంలో బరువు ఇచ్చే అధికారం భూమికి లేదు. త్రిపట్టణ రైతు తూనికల సమాఖ్య అనే సంస్థ ఒక తీర్మానం చేసి, ఆ అధికారాన్ని తన కంప్యూటర్‌కు బదలాయించింది. అభ్యంతరాలకు పదిహేను రోజుల గడువిచ్చారు. భూమి నుంచి ఎలాంటి అభ్యంతరం అందలేదు.

ఈ సమాఖ్య గురించి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. లారీలనూ ట్రాక్టర్లనూ తూచే కాంటా సూర్యాపేట బయట, హైవే పక్కన ఉంటుంది. అది చెడితే బాగుచేసే సాంకేతిక విభాగం కోదాడలో ఉంటుంది. బాగుచేయడానికి కావలసిన సామాన్ల గోదాము మిర్యాలగూడలో ఉంటుంది. మూడు ఊళ్లకూ సమాన గౌరవం దక్కాలని పెద్దలు అలా పంచారు. అందువల్ల ఏ ఊళ్లోనూ ఏ పనీ పూర్తి కాకపోయినా, ఏ ఊరివాళ్లూ నొచ్చుకోరు.

పాత కంప్యూటర్ రసీదు ఇవ్వడానికి రెండు నిమిషాలు తీసుకునేది. ఎనిమిదేళ్లలో ఒక్కసారీ ఆగలేదు. ఇంత నెమ్మది ఆధునిక రైతు హోదాకు తగదని భావించిన సమాఖ్య, దానికి కొత్త మదర్‌బోర్డు, నాలుగింతల మెమరీ మంజూరు చేసింది. మదర్‌బోర్డంటే లోపలి భాగాలన్నీ కూర్చునే పెద్ద పలక. దాన్ని కోదాడ కొన్నది. మెమరీ అంటే ఆ పలకలో గుచ్చే జానెడు ముక్క. దాని అంచున బంగారు రంగు పళ్లుంటాయి. దాన్ని మిర్యాలగూడ కొన్నది.

కాంటా మేనేజర్ ప్రేమ్‌కుమార్ గారు భక్తిపరుడు, అంతకు మించి పద్ధతి మనిషి. పూజ చేయకుండా కొత్త సామాను వాడిన పాపం ఆయన సర్వీసులో లేదు. డబ్బా మీద బొట్టు పెడితే చాలు కదా అని ఎవరో అనబోతే ఆయన ఊరుకోలేదు.

"డబ్బ పాతది. కొత్తగ వచ్చినోళ్లు లోపల ఉన్నరు. మరి బొట్టు ఎవరికి పెట్టాలె?"

ఆయన రెండు భాగాలనూ ఇత్తడి పళ్లెంలో పెట్టి, పసుపు రాసి, మెమరీ అంచున ఉన్న బంగారు పళ్లన్నిటికీ వరసగా తడి కుంకుమ అద్ది, కొబ్బరికాయ కొట్టాక గానీ బిగించనివ్వలేదు. చూడముచ్చటగా ఉండింది. కొబ్బరి ముక్క నేనూ తిన్నాను.

నేనెందుకున్నానంటే, ఆ సోమవారం వరసలో రెండో ట్రాక్టర్ నాది. అప్పటికే కాంటా ఎక్కి ఉన్న మొదటిది లక్ష్మీనర్సయ్యది. తుంగతుర్తి వైపు మనిషి. ముప్ఫై గొర్లు, రెండెకరాల వరి. కిరాయి ట్రాక్టర్ ట్రాలీలో పోసుకొచ్చిన ఆ వడ్లే ఆయనకు ఆ యాసంగిలో చేతికొచ్చిన పంట మొత్తం. గంటలో అయ్యే పనే కదా అని వడ్ల మీద కప్పే పరదా తెచ్చుకోలేదు. తీరా చూస్తే పడమటి దిక్కున మబ్బు కమ్ముతున్నది.

"సారూ, జర జల్ది తూకమెయ్యుండ్రి. మొగులు పట్టింది. వడ్లు తడిస్తె నా బతుకు ఖతం."

"కొత్త కంప్యూటర్ లక్ష్మీనర్సయ్యా! కండ్లు మూసి తెరిచేలోపట అయితది."

లక్ష్మీనర్సయ్య నిజంగానే కళ్లు మూశాడు. తెరిచేసరికి తెర మొత్తం నీలంగా మారి, దాని మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు బారులు తీరాయి. కంప్యూటర్‌ను ఆపి మళ్లీ వేశారు. ట్రాక్టర్ నంబరు అడిగింది, కొట్టారు. బరువు చూపించబోయే క్షణంలో మళ్లీ నీలం. మధ్యాహ్నానికి పదకొండుసార్లు అలాగే జరిగింది. ప్రేమ్‌కుమార్ గారు మాత్రం నిరుత్సాహపడలేదు. పాత కంప్యూటర్‌ను ఆపాలంటే అయిదు నిమిషాలు పట్టేదనీ, ఇది మూడే సెకన్లలో తనంతట తానే ఆగుతున్నదనీ మాకు చూపించారు.

సరే, పొద్దుగూకుతున్నది, ఇగ పోయి రేపొస్తానన్నాడు లక్ష్మీనర్సయ్య. అప్పుడు ప్రేమ్‌కుమార్ గారు గోడ మీది పద్నాలుగో నిబంధన చదివి వినిపించారు. కాంటా ఎక్కిన వాహనం బరువు చెప్పించుకోకుండా దిగరాదు. దిగితే ఆ రైతు ధాన్యం ఆ సీజన్‌లో కొనబడదు. బరువు తెలియని వాహనాలు రోడ్ల మీద తిరిగితే ప్రజల భద్రత ఏం కావాలి? (ఇన్నాళ్లూ మనం ఎలా బతికి ఉన్నామో తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.)

"పోనీ వడ్లన్న దించుకుంట సారు. గా షెడ్డుల పోసుకుంట."

"కాంటా మీదున్న సరుకు తగ్గిస్తె దాన్ని ఏమంటరో ఎర్కేనా? తూకంల మోసమంటరు. నీ మీద కేసు పెట్టుడు నాకు ఇష్టం లేదు."

ఆ మాట ఆయన నిజంగా ప్రేమతోనే అన్నారు. లక్ష్మీనర్సయ్య ఆ రాత్రి ట్రాక్టర్ కిందే పడుకున్నాడు. వరస పోతుందని నేనూ నా బండి దగ్గరే ఉండిపోయాను.

మంగళవారం పదకొండింటికి కోదాడ బస్సులో సాంకేతిక నిపుణుడు భాస్కర్ దిగాడు. నిదానస్తుడు. డబ్బా విప్పి, లోపలికి చాలాసేపు చూసి, ఒక నిట్టూర్పు విడిచి మళ్లీ మూశాడు.

"బోర్డు బ్రహ్మాండంగా ఉందండీ. మా కోదాడ సరుకండీ అది. తేడా అంతా మెమరీలోనే ఉందండీ."

వెంటనే మిర్యాలగూడ గోదాముకు ఫోన్ చేశారు. గోదాము అధికారిణి ధనలక్ష్మి గారి గొంతు ఫోన్‌కు దూరంగా ఉన్న మాకు కూడా వినిపించింది.

"మెమరీ మా దగ్గర నెల దినాలున్నది. అట్టపెట్టెల ఒక్కనాడన్న ఆగిందా? ఒక్క లొల్లి చేసిందా? మీ బోర్డుల గుచ్చినంకనే గిట్లయ్యింది. మీ బోర్డును సూస్కోండ్రి ముందు!"

పెళ్లయిన నెలకే పంచాయితీకొచ్చిన రెండు వైపుల పెద్దమనుషుల్లా ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు. తర్వాత భాస్కర్ శాస్త్రీయంగా పనిలోకి దిగాడు. ఫ్యాన్ తుడిచాడు. కరెంటు వైరు మార్చాడు. విండోస్ తీసేసి మళ్లీ ఎక్కించాడు. పాత మెమరీ పెట్టి చూస్తే తప్పెవరిదో అయిదు నిమిషాల్లో తేలేది. కానీ దాన్ని భద్రత కోసం మిర్యాలగూడ పంపించేశారు. సాయంత్రానికి నీలం తెర ఇరవై ఆరోసారి వచ్చింది. నాకు ఆ ఇంగ్లీషు కంఠతా వచ్చేసింది.

బుధవారం భద్రమ్మ వచ్చింది. లక్ష్మీనర్సయ్య భార్య. రెండు రోజులుగా మనిషి ఇంటికి రాలేదని అన్నం గిన్నె పట్టుకుని, గొర్లను ఎవరికో అప్పజెప్పి, బస్సెక్కి వచ్చింది. మొగుడు కాంటా మీద తింటుంటే ఈమె ఆఫీసు గుమ్మంలో నిలబడి, విప్పి ఉన్న డబ్బాలోకి తొంగిచూసింది.

"అయ్యో, గా సన్న ముక్క కొసకు కుంకుమ ఎవరు వెట్టిన్రు? ఎండి పెచ్చులు కట్టింది, సూడుండ్రి. మా ఇంట్ల మిక్సీ గిన్నె కింద గింత పిండి వడితెనే తిరుగది. గిదెట్ల తిరుగుతది?"

అందరం డబ్బా మీదికి వంగాం.

"అమ్మా, అది పూజ," అన్నారు ప్రేమ్‌కుమార్ గారు.

"పూజ గడపకు చేస్తం, తాళంకప్ప బెజ్జంల కుంకుమ పోస్తమా సారూ?"

నేను భాస్కర్ వైపు చూశాను. అతను సిగ్గుపడ్డాడు.

"నాకు నిన్న డబ్బా విప్పగానే కనపడిందండీ. కానీ ఫారం చూడండి. చెడిపోవడానికి కారణాలు మూడే గడులిచ్చారు. ఎలుక, కరెంటు, వైరస్. కుంకుమకి గడి లేదండీ. కారణం రాయకుండా నేను చెయ్యి పెడితే అనధికార మరమ్మతు అవుద్దండీ."

ఆ గడి సమస్యను కోదాడ పెద్దలు గురువారం ఉదయం ఫోన్‌లో పరిష్కరించారు. కుంకుమ ఎరుపు రంగులో ఉంటుంది, కరెంటు కూడా ప్రమాదకరమే, కాబట్టి కరెంటు గడిలో టిక్కు పెట్టమన్నారు. ఇక మిగిలింది శుభ్రం చేయడం. దానికి కావలసింది పిల్లలు పెన్సిల్ గీతలు చెరుపుకునే రబ్బరు. ఆ పళ్లను నాలుగుసార్లు రుద్దితే చాలు. కంప్యూటర్ బాగుచేసే ప్రతివాడి జేబులోనూ ఉండే వస్తువది. భాస్కర్ జేబులో కూడా ఉంది. అది అతని సొంత రబ్బరు కనుక వాడటానికి వీల్లేదు.

ధనలక్ష్మి గారికి మళ్లీ ఫోన్ వెళ్లింది.

"రబ్బరు హార్డ్‌వేర్ల రాదు, స్టేషనరీల వస్తది. పెన్సిల్ ఉన్న ఆఫీసుకే రబ్బరు ఇస్తం. మీకు కంప్యూటర్ వచ్చినంక పెన్సిళ్లు బంద్ చేసినం గద? ముందుగాల పెన్సిల్‌కు అర్జీ పెట్టుండ్రి."

అప్పుడు నాకు నిజంగానే ఒళ్లు మండింది. ఎదురుగా ఉన్న కిరాణా కొట్టుకు పోయి, రూపాయి పెట్టి రబ్బరు కొనుక్కొచ్చి బల్ల మీద విసిరికొట్టాను. అది ఎగిరి కిందపడి ప్రేమ్‌కుమార్ గారి కాళ్ల దగ్గర ఆగింది. ఆయన దాన్ని తీసి, దుమ్ము దులిపి, నా జేబులో పెట్టారు.

"బయటి సామాను తాకితె వారంటీ పోతది అన్నా. రేపు మళ్ల ఖరాబైతె నువ్వు జిమ్మేదారి తీస్కుంటవా?"

నేను తీసుకోలేదు. ఈ కథలో నా వీరత్వం అక్కడికే పరిమితం.

గురువారం సాయంత్రం నాలుగింటికి వాన వచ్చింది. చినుకులు మొదలు కాగానే లక్ష్మీనర్సయ్య ఆఫీసులోకి ఉరికాడు.

"సారూ, మీ కాల్మొక్త! మీ ఆఫీసు పరదా ఒక్క గంట ఇయ్యుండ్రి!"

ఆఫీసుకు ఒకే పరదా ఉంది. కప్పు కారుతుందని దాన్ని కంప్యూటర్ మీద కప్పారు. తీయడానికి వీల్లేదు, లోపల మెమరీ ఉంది. నా పరదా నా వడ్ల మీద ఉంది. నాది పెద్ద పరదానే. రెండు ట్రాలీలకు చాలదని అప్పుడు నాకు అనిపించింది. లక్ష్మీనర్సయ్య తన తువ్వాలు, భద్రమ్మ తన కొంగు పరిచి, వడ్ల మీద బోర్లా పడుకున్నారు. వాన గంటన్నర కురిసింది. భద్రమ్మ ఆ గంటన్నరా మబ్బును తిట్టలేదు, మమ్మల్ని తిట్టింది. ఆ తిట్లు ఇక్కడ రాయలేను గానీ ఒక్కటీ అబద్ధం కాదు.

శుక్రవారం పెన్సిల్ మంజూరైంది. శని, ఆదివారాలు రబ్బరుకు సెలవు. ఆ రెండు రోజులూ ఎండ పెళ్లుమని కాసింది. తడి, ఎండ రెండూ సరిగా అందడంతో ట్రాలీలో వడ్లు తెల్లగా మొలకలేశాయి. లక్ష్మీనర్సయ్య పిడికెడు తీసి చూసి, మళ్లీ అక్కడే పోశాడు.

సోమవారం ఉదయం లక్కసీలు వేసిన కవరులో రబ్బరు మిర్యాలగూడ నుంచి బస్సులో వచ్చింది. దానికి తోడు ఒక పెన్సిల్, రెండు సంతకాలతో ఒక లేఖ. భాస్కర్ మెమరీని బయటికి తీసి, పళ్లను నాలుగుసార్లు రుద్ది, ఊది, గుచ్చాడు. నలభై సెకన్లు పట్టింది. కంప్యూటర్ లేచింది. నంబరు కొట్టగానే తెల్లటి తెర మీద బరువు నల్లగా, స్పష్టంగా కనబడింది. నీలం రాలేదు. అందరం చప్పట్లు కొట్టాం. లక్ష్మీనర్సయ్య కూడా రెండుసార్లు కొట్టాడు. చేతులకు అలవాటు.

పిడికెడు వడ్లకు తేమ చూసి, ఆ వివరాలు కొట్టాక రసీదు వచ్చింది. అన్నీ అందంగా అచ్చయ్యాయి. కాంటా ఎక్కిన సమయం: సోమవారం, పదకొండు నలభై. తేమ: అనుమతికి రెట్టింపు. మొలకలు: కలవు. నిర్ణయం: తిరస్కరణ.

"గిదేంది సారూ? నేను పోయిన సోమవారం వచ్చిన గద! ఎండిన వడ్లు తెచ్చిన గద!"

"నువ్వొచ్చినవని నాకెర్కలేదా లక్ష్మీనర్సయ్యా? నేను సూడలేదా?" ప్రేమ్‌కుమార్ గారు ఆయన భుజం మీద చెయ్యి వేశారు. "కని కంప్యూటర్ లెక్కల నువ్వు ఇయ్యాల్నే వచ్చినవ్. వాన వడ్డంక తడి వడ్లు తెచ్చినవ్. నేనేం జెయ్యాలె?"

భద్రమ్మ నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పన్నా. వారం దినాలు మా ఎన్కనే ఉంటివి. నువ్వు చెప్పు."

నేను నోరు తెరిచేలోపు ప్రేమ్‌కుమార్ గారు ఇంకో కాగితం బల్ల మీద పరిచారు. కొత్త పరికరాలు మొదటి నుంచీ సంతృప్తికరంగా పనిచేస్తున్నాయనీ, పై రసీదులోని వివరాలన్నీ నిజమనీ తెలిపే ధ్రువపత్రం. తొలి తూకం రైతు సంతకం, ఒక సాక్షి సంతకం ఉంటేనే ట్రాక్టర్‌ను కాంటా దిగనిస్తారు, వెనక బండి ఎక్కుతుంది.

లక్ష్మీనర్సయ్య కాసేపు దాని వైపు చూసి, మిర్యాలగూడ నుంచి వచ్చిన కొత్త పెన్సిల్‌తో సంతకం చేశాడు.

సాక్షి సంతకం నాది. నా వడ్లు ఇంకా పొడిగా ఉన్నాయి, మబ్బు మళ్లీ పడుతున్నది.