కాపలాదారు పెరట్లో చిప్పల కొండ

"నేటి నుంచి ఈ మడుగు మన పొట్టలది కాదు, మన మునిమనవలది! ఏడాది పాటు రాహుయీ! పాహువా మీద చెయ్యేసినవాడు దీవికే ద్రోహి!"

చర్చి ముందు మేయరు మాతాహీ నిషేధం ప్రకటించగానే దీవి దీవంతా చప్పట్లు కొట్టింది. తెమానా కొట్టలేదు. చేతులు దేవుడికి జోడించి ఉంటే చప్పట్లెలా పడతాయి? మడుగులోని పాహువాలనే ఆ పెద్ద ఆల్చిప్పలకు కాపలా పెట్టింది ఆవిడ కూతురు వైరేయానే మరి!

పడవ తిరగబడితే? సొరచేప తగిలితే? అంతకన్నా, తమ ఇంట్లో ఒక్క పాహువా చిప్ప కనబడి పిల్ల ఉద్యోగం ఊడితే? నోరూరినప్పుడల్లా దేవుణ్ణి తలచుకుని డబ్బా మాంసం తెరిచేది. ఏడాది పొడుగునా డబ్బా మాంసమే!

"మాకూ డబ్బాయే వదినా, ఏం చేస్తాం!" అనేవారు ఇరుగుపొరుగు, పళ్ల సందుల్లోంచి ఏదో లాక్కుంటూ.

రాజధాని పపీతే నుంచి తనిఖీ అధికారి దిగే రోజు రానే వచ్చింది. తల్లీకూతుళ్లు విమానం దగ్గర పూలదండలు వేసి ఇంటికొచ్చేసరికి, పెరట్లో కొండ! అన్నీ పాహువా చిప్పలే! లోపల ఇంకా తళతళ, పైన ఈగలు.

కాపలాదారు ఇల్లు ఎవడు సోదా చేస్తాడని ఊళ్లో ప్రతివాడూ అనుకుని తన చిప్పలు ఇక్కడ కుమ్మరించాడు. ఆ తెలివి తనొక్కడికే తట్టిందనీ అనుకున్నాడు!

"నీ ఉద్యోగం పోయిందే! జైలే ఇక!" అంటూ తెమానా కొబ్బరి మట్టలు కప్పి, పైన పావడా పరుచుకుని కూర్చుంది.

అంతలోనే అధికారిని వెంటబెట్టుకుని మేయరు, వెనకాల ఊరూ వచ్చారు.

"ఇది మా ఆదర్శ గృహమండీ!"

ఆదర్శం గుప్పున కొట్టింది. అధికారి ముక్కు మూసుకుని మట్ట తొలగించాడు.

మేయరు తడబడలేదు. "మా పూర్వీకుల చిప్పలండీ! మూడొందల ఏళ్లనాటివి!"

"పూర్వీకులు నిన్ననే భోంచేసినట్టున్నారే!"

"అయితే ఇంటావిడనే అడగండి," అని మేయరు మెల్లగా పక్కకు జరిగాడు.

అధికారి వైరేయా కాపలా టోపీ కోసం చెయ్యి చాపాడు. అంతే, తెమానా భయం కోపమైంది.

"ఆగండి బాబూ! చర్చి విందులో బుట్టలు కలిసిపోకుండా మా దీవిలో ఏ ఇంటి చిప్పకు ఆ ఇంటి గాటు పెడతాం. ముత్తాతల నాటి అలవాటు. దొంగతనంలోనూ చెయ్యి మరిచిపోదు! ఈ రెండు గాట్లూ పాస్టరు గారివి. ఈ ముల్లు గీత టీచరమ్మది. ఈ మూడు గాట్లు... మేయరు గారూ, ఎంత లోతుగా పెట్టారండీ! మా గుర్తు కత్తెర గాటు. ఒక్కటి చూపించండి, టోపీ నేనే తీసిస్తా!"

ఊరు తల దించుకుంది. అధికారి వెతికాడు. ఒకటి తీశాడు. కత్తెర గాటు! ఇంకొకటి. మొత్తం పదకొండు!

తెమానా కూతురి వంక చూసింది. కూతురు నేల వంక చూసింది.

"నా చిప్పలూ కొండలో కలిసిపోతాయని విసిరేశా. ఎదిగాయో లేదో చూడాలి కదమ్మా..."

"కొలబద్ద ఇచ్చారు కదే!"

"దాంతో రుచి తెలీదుగా!"

అందరికన్నా ముందు మేయరు నవ్వాడు. "ముందు భోజనానికి లేవండి దొరగారూ!"

"డబ్బా మాంసమేనా?" అధికారి మొహం వాడిపోయింది.

"అబ్బే! మా పూర్వీకులు తిన్నదే!"

అధికారి నిలబడే కలం తీశాడు. 'చిప్పల నిక్షేపం. అతి ప్రాచీనం. కాపలా శ్రద్ధగా జరుగుతున్నది.'

మేయరు చెయ్యెత్తాడు. "నేటి నుంచి ఈ కొండ మీద రాహుయీ! చిప్ప కదిపినవాడు దీవికే ద్రోహి!"

చప్పట్లు! పిల్ల ఉద్యోగం నిలిచింది. తెమానా కూడా రెండు చేతులూ ఎత్తింది గానీ, సగంలో ఆగిపోయి కూతురి రెక్క పట్టుకుంది.

"పదకొండూ పడవలోనే తిన్నావుటే? నిమ్మకాయైనా పిండుకోకుండా? ఓరి దేవుడో, కడుపులో ఏమైనా అయితే!"