సున్నగారి రహస్య ప్రకటన

యూస్టేస్ పింబ్లెట్ చేతిలోంచి అత్తగారి టీపాట్ జారి, నేల మీద పడి, ముక్కు ఊడిపోవడానికి సరిగ్గా రెండు క్షణాలు పట్టింది. ఆ రెండు క్షణాల్లో అతని మిగిలిన జీవితం మొత్తం కళ్ళ ముందు కదిలింది. అందులో ప్రతి గదిలోనూ అత్తగారే ఉంది.

తప్పంతా రహస్యలిపి పిచ్చిదే. లండన్‌లో, కాంబర్‌వెల్‌లోని ఆ వీధిలో యూస్టేస్‌ని ఎవరూ "బావున్నారా?" అని అడగరు. అడిగితే రహస్యలిపుల గురించి ముప్పావుగంట వినాలి. తంతి ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం చేస్తూ, సైన్యాధిపతిలా మాట్లాడతాడు. టీపాట్ మూత మీద అత్తగారి పేరులోని రెండు మొదటి అక్షరాలు తీగల్లా పెనవేసుకుని ఉంటాయి. రహస్యలిపిలాగే అలాంటి ముడిని కూడా ఇంగ్లీషులో సైఫర్ అనే అంటారని ఆ ఉదయమే ఎక్కడో చదివాడు. భార్య కెజయా బజారుకి వెళ్ళగానే భూతద్దం తెచ్చి, ముడిని విప్పబోయాడు. ముక్కు ఊడింది.

ఆ టీపాట్ మామూలు టీపాట్ కాదు. పెళ్ళిలో దాన్ని చేతిలో పెడుతూ అత్తగారు మిసెస్ హెప్జిబా థండర్ నిండు సభలో ప్రకటించింది: "ఇది విరిగిన రోజున మీ ఇద్దరికీ ఇల్లు నడపడం చేతకాదని తేలిపోతుంది. ఆ మర్నాడే నా ట్రంకుపెట్టె, నా చిలక, నా కీళ్ళనొప్పుల తైలం మీ ఇంటికి వచ్చేస్తాయి. వచ్చాక ఇక వెళ్ళవు."

ఏటా జూన్ ఇరవై ఒకటిన ఆవిడ వచ్చి, ఆ టీపాట్‌లోనే టీ కాయించుకుని, మూత నుంచి అడుగు దాకా వేలితో తడిమి చూసి వెళుతుంది. ఇవాళ ఒకటో తారీఖు.

యూస్టేస్ ముక్కుని తన టోపీ పెట్టెలో దాచాడు. టీపాట్‌ని అద్దాల బీరువాలో, విరిగిన వైపు గోడకి తిప్పి పెట్టాడు. తర్వాత ఆలోచించాడు.

చిన్ననాటి స్నేహితుడు లెమ్యుయెల్ క్లెగ్ బర్స్‌లెం అనే ఊళ్ళో పింగాణీ మీద బొమ్మలు వేస్తాడు. దీనికి జోడు చేయగలవాడు ఇంగ్లాండులో అతనొక్కడే. కానీ ఉత్తరం రాస్తే జవాబు ఇంటికే వస్తుంది. ఇంటికొచ్చిన ఉత్తరాన్ని కెజయా దాని దస్తూరీ చూసే సగం చదివేస్తుంది.

అప్పుడు మెరిసింది ఉపాయం. పేపర్లో వ్యక్తిగత ప్రకటనల వరస ఉంది కదా! లేచిపోయిన ప్రేమికులూ, తప్పిపోయిన మేనమామలూ ఒకరికొకరు గోడు చెప్పుకునే చోటు. అందులో రహస్యలిపిలో వేస్తే? ప్రతి అక్షరానికీ బదులు దాని తర్వాతి ఏడో అక్షరం. బడిలో క్లెగ్, తనూ వాడుకున్న లిపే. బిస్మార్క్ సైన్యం దిగినా విప్పలేదు!

సోమవారం ప్రకటన వచ్చింది. పైకి చూస్తే పిల్లి పియానో మీద నడిచినట్టుంది. విప్పితే మాత్రం ఇదీ: "క్లెగ్‌కి. అత్తగారి టీపాట్ ముక్కు పోయింది. జోడు కావాలి. ఇరవై ఒకటి లోపు. భార్యకి తెలియకూడదు. ఇట్లు, సున్న."

సున్న అనేది బడిలో అతని మారుపేరు. లెక్కల మాస్టారు పెట్టింది.

"ఏంటండీ, ఆ పేజీ చూసి అంతగా నవ్వుతున్నారు?" అంది కెజయా, టోస్టుకి మార్మలేడ్ రాస్తూ.

"ఏం లేదే. ఎవడో ఘనుడు రహస్యలిపిలో ప్రకటన వేశాడు. బ్రహ్మాండంగా ఉంది. వీడెవడో మేధావి."

"సైఫర్ అంటే సున్న అని కూడా అర్థం ఉందట కదండీ? నిఘంటువులో చూశాను."

యూస్టేస్ గొంతులో గుడ్డు అడ్డం పడింది. "ఎందుకు చూశావు?"

"ఊరికే. ఆ పేజీ ఇటివ్వండి, చూడాలి."

"నీకెందుకు అందులో?"

"చావుకబుర్లు చూసుకుంటాను. ఇంట్లో మొగుడు ఇలా నవ్వుతుంటే భార్యకి ఇంకేం చూడాలనిపిస్తుంది?"

పేజీ ఇచ్చేశాడు. పాపం, ఆవిడకేం అర్థమవుతుందిలే అనుకున్నాడు.

యూస్టేస్ చేసిన పొరపాటు ఒక్కటే. రహస్యలిపి అంటే తాళం అనుకున్నాడు. లండన్ జనానికి అది ఉదయపు టిఫిన్లో ఊరగాయ. ఆ వరసలో కొత్త లిపి కనపడితే చాలు, ఇంటింటా తాతలూ మనవరాళ్ళూ పెన్సిళ్ళు తీసుకుని, గుడ్డు ఉడికేలోగా విప్పేస్తారు.

బుధవారం పేపర్లో, అదే లిపిలో, నాలుగు జవాబులొచ్చాయి.

"సున్నకి. గుడ్డులోని తెల్లసొన, సున్నం కలిపి అంటించు. నాకు పదకొండేళ్ళు నిలిచింది. ఇట్లు, అనుభవజ్ఞుడు."

"సున్నకి. భార్యకి చెప్పెయ్యి బాబూ. ఇట్లు, ఆరుగురు పిల్లల తల్లి."

"సున్నకి. నాకూ అత్తగారుంది. ధైర్యం. ఇట్లు, లీడ్స్ ఊరివాడు."

నాలుగోది క్లెగ్ దగ్గర్నుంచే అనుకుని ఆశగా విప్పాడు. "సున్నకి. ముక్కు ఊడింది టీపాట్‌కా, అత్తగారికా? స్పష్టం చేయగలరు."

టోస్టు అతని చేతిలోనే చల్లారిపోయింది.

ఆ చుట్టుపక్కల రహస్యలిపి గురించి ఉపన్యాసాలిచ్చే మనిషి ఒక్కడే కాబట్టి, సున్న ఎవరో కనిపెట్టడానికి వీధికి ఎంతోసేపు పట్టలేదు. శుక్రవారం మాంసం కొట్టు హాగ్‌బిన్ సాసేజీలు కడుతూ, ఏమీ ఎరగనట్టు తన ముక్కు రుద్దుకున్నాడు. "ఏమండోయ్ పింబ్లెట్ గారూ, ఇంట్లో అందరి ముక్కులూ క్షేమమేనా?"

ఆఫీసులో పెద్ద గుమాస్తా భుజం తట్టి, "మా అత్తగారు పోయి నాలుగేళ్ళయిందయ్యా. నీ బాధ నేను అర్థం చేసుకోగలను" అన్నాడు.

ఆదివారం చర్చిలో ఇంకా ఘోరం. భార్యాభర్తల మధ్య దాపరికాలు కూడదని ఫాదర్ ప్రసంగం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే చర్చి వాయిద్యం ఆర్గాన్‌లో ఒక గొట్టం ఇరుక్కుని, ఆపకుండా మూలగడం మొదలుపెట్టింది. అందరి తలలూ ఆర్గాన్ వైపు కాక యూస్టేస్ వైపు తిరిగాయి.

కెజయా అతని చెవి దగ్గరకి వంగింది. "ఆర్గాన్‌కి వచ్చే ఆ జబ్బుని కూడా సైఫర్ అనే అంటారటండీ. ఎవరూ నొక్కకుండానే మోగుతుందట. మన ఇంట్లోనూ ఒకటి వారం రోజులుగా మోగుతోంది."

"మన ఇంట్లో ఆర్గాన్ ఎక్కడుందే?"

"అదేనండీ నేనూ వెతుకుతున్నాను."

క్లెగ్ నుంచి ఉలుకూ పలుకూ లేదు. పదిహేనో తారీఖు వెళ్ళింది, పదిహేడు వెళ్ళింది. యూస్టేస్ బీరువా దగ్గర కాపలా కుక్కలా తిరుగుతున్నాడు. కెజయా గుడ్డ పట్టుకుని అటు వస్తే చాలు, "నేను తుడుస్తాలే!" అని ఉరికేవాడు. తుడిచే ధైర్యం లేక మళ్ళీ వెనక్కి తిరిగేవాడు. బీరువా వైపు తిన్నగా చూడటం కూడా మానేశాడు.

పంతొమ్మిదో తారీఖు ఉదయం పేపర్లో ఒకే ఒక్క ప్రకటన. పెన్సిలు తీసి విప్పాడు.

"సున్నకి. అన్నీ చదివాను. ట్రంకుపెట్టె సర్దుతున్నాను. చిలకకి కూడా చెప్పాను. ఇట్లు, హె. థ."

యూస్టేస్ కుర్చీలోంచి జారి, మోకాళ్ళ మీద నిలబడ్డాడు. పెళ్ళి ప్రతిపాదన చేసినప్పుడు కూడా ఇంత తొందరగా మోకరిల్లలేదు.

"కెజయా! నన్ను క్షమించవే! టీపాట్ నేనే విరగ్గొట్టాను! ముక్కు నా టోపీ పెట్టెలో ఉంది! మీ అమ్మ వచ్చేస్తోంది, చిలకతో సహా!"

కెజయా ప్రశాంతంగా టీ కలుపుకుంది. "పద్దెనిమిది రోజులు పట్టింది. నేను పది రోజులే అనుకున్నాను."

"నీకు... తెలుసా?"

ఆవిడ కుట్టుపెట్టెలోంచి ఒక నోటుపుస్తకం తీసింది. ఆరేళ్ళుగా ఆ వరసలో వచ్చిన ప్రతి లిపీ వరుసగా విప్పి రాసి ఉంది. ఎవరు ఎవరితో లేచిపోయారో, ఎవరు తిరిగొచ్చారో అన్నీ తారీఖులతో సహా. చివరి పేజీల్లో సున్న.

"మీది విప్పేటప్పటికి టోస్టు ఇంకా వేడిగానే ఉందండీ. ఏడో అక్షరం! ఆఖరికి హాగ్‌బిన్ గారి అమ్మాయి కూడా విప్పేసింది, దానికి తొమ్మిదేళ్ళు."

"అయితే హె. థ.?"

"నేనే. మా అమ్మ పేపర్ ముట్టుకోదు, సిరా మరక అవుతుందని. మీ అంతట మీరు చెబుతారేమోనని చూశాను. చెప్పలేదు. అందుకే చిలకని పంపాను."

యూస్టేస్ నేల మీదే కూలబడ్డాడు. సగం ప్రాణం తిరిగొచ్చింది. మిగతా సగానికి ఇంకా గండం ఉంది. "మరి ఇరవై ఒకటికి? జోడు రాలేదే! ఆ క్లెగ్‌గాడు..."

"ముందు బీరువా చూడండి."

చూశాడు. టీపాట్ ముక్కు గోడ వైపు కాదు, నేరుగా అతని వైపే చూపిస్తోంది. నిండైన, నిగనిగలాడే ముక్కు. మూత మీద అక్షరాల ముడి, తీగకి తీగ.

"శనివారమే వచ్చింది. మీరు కాపలా కాస్తున్నది కొత్తదానికే."

"ఎలా? క్లెగ్ నా ప్రకటనకి..."

"క్లెగ్ గారు ఆ పేపర్ మానేసి మూడేళ్ళయిందట. లండన్‌లో మీ ప్రకటన చదవనివాళ్ళు లేరు. ఎవరి కోసం వేశారో ఆయనొక్కడే చదవలేదు. చదివినా ఏం చేస్తాడు? అక్షరాల ముడి ఎలా ఉంటుందో మీరు చెప్పందే. నేను మూత మీద పల్చటి కాగితం పెట్టి ముడిని గీసి, ఉత్తరం రాశాను."

"రహస్యలిపిలోనా?"

"ఇంగ్లీషులోనండీ. కవర్లో పెట్టి, స్టాంపు అంటించాను. ఎవరూ చదవలేదు."

యూస్టేస్ బీరువా తలుపు మూశాడు. "నామీద కోపం లేదా?"

"బోలెడుంది. కానీ మా అమ్మ వస్తే మీకొక్కరికే అత్తగారు కాదు. నాకూ అమ్మే. ఆ తైలం వాసన నేను ఇరవై రెండేళ్ళు పీల్చాను."

ఇరవై ఒకటో తారీఖున మిసెస్ థండర్ వచ్చింది. ట్రంకుపెట్టె లేదు. చిలక లేదు. మూత తడిమింది. ముక్కు తడిమింది. అడుగు తడిమింది. యూస్టేస్ ఊపిరి బిగబట్టి, అత్తగారి వేలితో పాటే ప్రయాణం చేశాడు.

"ఊఁ" అంది ఆవిడ. "పోయండి."

మూడు కప్పులు తాగింది. సీడ్ కేకు రెండు ముక్కలు తింది. ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది. ఆవిడ నవ్వగా యూస్టేస్ అదే మొదటిసారి చూడటం.

"రైల్లో ఒకటే గోల అల్లుడుగారూ! ఎవడో సున్న అట, అత్తగారి టీపాట్ ముక్కు విరగ్గొట్టి, భయంతో పేపర్‌కెక్కాడట. పెట్టె పెట్టెంతా వాడి గురించే."

"అ... అలాగా అత్తయ్యగారూ?"

"పాపం, వెర్రినాగన్న! మట్టిపాత్ర అన్నాక విరక్కుండా ఉంటుందా? దానికే అల్లుణ్ణి అంతలా వణికించిందంటే, ఆ అత్త ఎలాంటి రాక్షసో!"

"నిజమేనమ్మా" అంది కెజయా, కేకు కోస్తూ. "నేనూ అదే అనుకున్నాను."

రైలు కదిలి అత్తగారి టోపీ మీది ఈక మలుపులో మాయమయ్యాక, యూస్టేస్ స్టేషన్ బల్ల మీద కూర్చుని ఇరవై రోజుల ఊపిరి ఒక్కసారిగా వదిలాడు. ఇంటికొచ్చి క్లెగ్‌కి కృతజ్ఞతలు రాశాడు. మామూలు ఇంగ్లీషులో, మామూలు కాగితం మీద, అసలు పేరుతో సంతకం పెట్టి. కవరు అంటించడానికి నాలుక బయటపెట్టాడు.

"ఆగండి" అంది కెజయా, కళ్ళజోడు సర్దుకుంటూ. "కవరు తర్వాత అంటిద్దురుగాని. ముందు ఆ ఉత్తరం ఇటివ్వండి, చదవాలి."

యూస్టేస్ ఇచ్చేశాడు. దాంతో పాటే పేపర్లోని వ్యక్తిగత ప్రకటనల పేజీ కూడా.