మంత్రిగారు చెయ్యి పెట్టిన ఇంజను

మండుతున్నప్పుడు కూడా కుండలా చల్లగా ఉండే రాకెట్ ఇంజను మన దగ్గర తయారైందనీ, శుక్రవారం దాని మీద తానే స్వయంగా చెయ్యి పెట్టి చూపిస్తాననీ అంతరిక్ష శాఖ మంత్రిగారు ప్రకటించారు. ఆ ప్రకటనలో ‘స్వయంగా’ అన్న మాట మూడుసార్లే వచ్చింది. ఆయన వినయం అలాంటిది.

టీవీలో ఇది చూసిన ఇంజనీరమ్మ అన్నం కంచం పక్కకు నెట్టేసింది. ఆ కుండ ఆమెదే. ఇంజనులో ఇంధనం మండే గదిని ఏడేళ్లు కష్టపడి తయారుచేసింది. దాని గోడ సిరామిక్ మిశ్రమం. ఒళ్లంతా వెంట్రుక కంటే సన్నటి రంధ్రాలు. వాటిలోంచి చల్లటి వాయువు ఊరి, మంటకూ గోడకూ మధ్య పొరలా నిలుస్తుంది. ఈ సంగతి మంత్రిగారికి అర్థమయ్యేలా అర పేజీలో రాయమంటే, బుద్ధి గడ్డితిని ‘కొత్త కుండ చెమర్చినట్టు’ అని రాసింది. మంత్రిగారు మిగతాదంతా వదిలేసి కుండను పట్టుకున్నారు.

"అమ్మాయ్, నిజంగా చల్లగా ఉంటుందా?" అని అత్తగారు అడిగింది.

"లోపల మంట మూడు వేల డిగ్రీలత్తయ్యా. గోడ తొమ్మిది వందలు దాటదు. మాకది చలవే."

అత్తగారు కంచం మళ్లీ ఆమె ముందుకు జరిపింది. "అయితే ఎడమ చెయ్యి పెట్టమను. కుడిచేత్తో సంతకాలు చెయ్యాలి కదా పాపం."

మర్నాడు పొద్దున్నే ఇంజనీరమ్మ డైరెక్టరుగారి గదికి పరిగెత్తింది. డైరెక్టరుగారు విలువలున్న మనిషి. ముప్పయ్యేళ్ల సర్వీసులో ఏ మంత్రికీ నచ్చని మాట చెప్పి ఎరగరు. అంతా ఓపిగ్గా విని, శుక్రవారంలోపు ఆ తొమ్మిది వందలను నలభైకి తగ్గించగలరా అని అడిగారు. ప్రకృతి ఒప్పుకోదంది ఆమె. ప్రకృతి మన డిపార్టుమెంటు కిందికి రాదు గనక మెమో ఇవ్వలేకపోతున్నానని ఆయన నిజంగానే బాధపడ్డారు. తర్వాత అసలు విషయం చెప్పారు. మంత్రిగారి ముఖం వెలిగితే ప్రాజెక్టు ఉంటుంది. మాడితే సోమవారం నుంచి ఉండదు. ఇంజనీరమ్మ ఏడేళ్లనూ తలుచుకుని నోరు మూసుకుంది.

డైరెక్టరుగారు అప్పటికప్పుడు ఆఫీసు కుర్చీలు బాగుచేసే వడ్రంగిని పిలిపించారు. రెండు రోజుల్లో చెక్కతో అచ్చం అలాంటి ఇంజనే తయారైంది. బూడిద రంగు కూడా కుదిరింది. మంత్రిగారికి అది ఒకటో నమూనా అనీ, అర కిలోమీటరు అవతల మండబోయేది రెండోదనీ చెప్పారు. అబద్ధం చెప్పడం డైరెక్టరుగారికి ఇష్టం ఉండదు.

శుక్రవారం అవతల ఇంజను భూమి అదిరేలా మండింది. ఇవతల షామియానాలో మంత్రిగారు కళ్లు మూసుకుని చెక్క మీద అరచెయ్యి ఆనించారు. కెమెరాలు మెరిశాయి. పన్నెండు సెకన్ల తర్వాత కళ్లు తెరిచి, "చల్లగా ఉంది" అన్నారు. చప్పట్లు ఇంజను చప్పుడును మించిపోయాయి.

కంట్రోల్ రూములో ఇంజనీరమ్మ ఒక్కతే ఉంది. ఇంజను పూర్తిగా ఐదు నిమిషాలు మండింది. గోడ ఎనిమిది వందల ఎనభై దగ్గర ఆగింది. ఒక్క పగులు లేదు. ఆనందంతో ఆమెకు ఏడుపొచ్చింది. చెప్పుకుందామంటే చుట్టుపక్కల మనిషి లేడు, అందరూ షామియానాలో ఉన్నారు.

సోమవారం ఉత్తర్వు వచ్చింది. రెండు నమూనాలనూ నిష్పక్షపాతంగా పోల్చారట. రెండోది విపరీతంగా వేడెక్కింది, పొగ వదిలింది, పోసిన ఇంధనమంతా తాగేసింది. ఒకటోది చల్లగా ఉంది, చప్పుడు చెయ్యలేదు, చుక్క ఇంధనం ముట్టలేదు. కాబట్టి రెండోదాని పని ఆపెయ్యాలి. ఒకటోదాని లాంటివి నలభై తయారు చెయ్యాలి. వడ్రంగిని చీఫ్ డిజైనరుగా నియమించారు. ఇంజనీరమ్మ ఆయనకు సహాయకురాలు.

మధ్యాహ్నం వడ్రంగి ఆమె గది గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, మొహమాటంగా నిలబడ్డాడు. ఆమె కూర్చోమన్నా కూర్చోలేదు.

"అమ్మా, మీ కాగితాల్లో లోపల మంట మండే గది అని ఏదో ఉంది. నేను చేసినదాంట్లో గది లేదు, అంతా ఒకటే దుంగ. డైరెక్టరుగారిని అడిగితే, మంత్రిగారు మెచ్చినదాన్ని మార్చొద్దన్నారు. మరి మంట ఎక్కడ పెట్టాలమ్మా?"