పొయ్యిలో పడ్డ పులులు

ఆ సోమవారం నాగరాణి పెట్టుకున్నది చాలా చిన్న పని. నార్కట్‌పల్లిలో బస్సెక్కి, వేరే కాలేజీ కొలిమిలో తన బిళ్లలు కాల్చి, సాయంత్రానికి నల్గొండలో దివాకర్ సార్ బల్ల మీద పెట్టడం. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం ఆమె బిస్మత్ టైటనేట్ పింగాణీతో చేసిన బిళ్లలవి. నొక్కితే కరెంటు పుట్టిస్తాయి. ఇంజన్ల వంటి మండే చోట్ల అదురును కొలవడానికి పనికొస్తాయి. సార్ ముప్పై ఏళ్లుగా చేస్తున్న సీసం బిళ్లలూ కరెంటు పుట్టిస్తాయి గానీ, బాగా వేడి తగిలితే వాటికి ఆ గుణం పోతుందని, తనవాటికి పోదని నాగరాణి రాసింది. సార్‌కు ఆ మాట మింగుడుపడలేదు.

"మన కొలిమి చెడిపోయింది. రుజువు లేని మాట కొట్టెయ్," అన్నాడు.

"కొట్టెయ్యను సార్. సోమవారం దాకా ఆగుండ్రి, రుజువు తెస్త," అంది నాగరాణి. పోలిక కోసం సార్ బిళ్లలు నాలుగు కూడా అడిగి తెచ్చుకుంది.

సోమవారం తెల్లారి చూస్తే బిళ్లలు పెట్టిన డబ్బా ఖాళీ. వాకిట్లో అవ్వ బీరమ్మ, పక్కింటి మల్లన్న సుద్దతో గీసిన పీట మీద పులిమేక ఆడుతున్నారు. సార్ పెద్ద బిళ్లలు మల్లన్నకు పులులు. నాగరాణి చిన్న బిళ్లలు అవ్వకు మేకలు.

"అవ్వా, అవి నా చదువు."

"ఆడితే అరుగుతయా బిడ్డా? చింతగింజల కంటే మంచిగున్నయి. మూడు పులులు కట్టుబడ్డయి, ఒక్కటే ఉన్నది. జర ఆగు."

గొర్రెలు కాసి కాసి తల నెరిసిన మల్లన్నకు మేకల చేతిలో ఓడడం మహా నామోషీ. పీటను కాలితో తన్నాడు. బిళ్లలన్నీ ఎగిరి పక్కనే ఉన్న నీళ్లపొయ్యిలో, నిప్పుల మీది బూడిదలో పడ్డాయి. చేసిన పని చూసుకుని తనే హడలిపోయి బిందె ఎత్తాడు.

"నీళ్లు పొయ్యకు తాతా, పలుగుతయి," అంటూ నాగరాణి అడ్డం నిలబడింది. పొయ్యి చల్లారేదాకా ఆగక తప్పదు. బస్సు మాత్రం ఆగలేదు.

కరెంటు అందుకోవడానికి ఆ బిళ్లలకు వెండి పూత వేశారు. గోడ మీంచి చూసిన అవతలింటి పుష్పమ్మకు పూత కనిపించలేదు, వెండి కనిపించింది. బీరమ్మ పొయ్యిలో వెండి దొరికిందన్న మాట ఊరంతా తిరిగొచ్చేసరికి వాకిలి నిండా జనం, చేతుల్లో పట్టుకార్లు. నాగరాణి ఊదుగొట్టం పట్టుకుని పొయ్యికి కాపలా నిలబడింది.

"ఒక్కరు చెయ్యి పెట్టినా మంచిగుండదు. అది వెండి కాదు, నా ఏడాది కష్టం."

ఆలస్యమవుతుందని చెబుదామని ఫోన్ చేస్తే, పొయ్యి అన్న మాట వినగానే సార్ మీటరు సంచితో సహా బండి మీద ఊడిపడ్డాడు.

"నా బిళ్లలు పొయ్యిల ఏసినవా?"

"నావి కూడ పడ్డయి సార్. రెంటికీ ఒక్కటే పొయ్యి. గీడనే చూద్దాం."

అనడానికైతే అనేసింది గానీ, ఓడితే ఏడాది చదువు బూడిదే. చల్లారిన బిళ్లలను ఏరి, తుడిచి, సార్ కళ్ల ముందే మీటరుకు తగిలించి నొక్కింది. పెద్ద బిళ్లలకు ముల్లు కదలలేదు. సార్ తనే నొక్కి చూశాడు, అప్పుడూ కదలలేదు. నాగరాణి తన చిన్న బిళ్ల పెట్టింది. ముల్లు ఎగిరింది. రెండో బిళ్లకూ ఎగిరింది.

"పులులు సచ్చినయి, మేకలు బతికినయి," అంది అవ్వ తాపీగా.

సార్ మీటరును సంచిలో సర్దాడు. "సరే, ఆ మాట ఉండనియ్. పెద్ద కొలిమిల ఇంకోసారి చేద్దాం. మరి ఈ కొలిమి పేరు ఏమని రాస్తవు?"

"నీళ్లపొయ్యి అనే రాస్త సార్."

పీట తన్నాక జరిగినదేదీ ఆటలో లెక్కకు రాదని మల్లన్న ఇప్పటికీ వాదిస్తున్నాడు.