నల్లతెర మీద ఎల్లన్న సన్మానం

అప్‌డేట్ కొట్టగానే తెర నల్లబడిందా? మీ అంత అదృష్టవంతులు లేరండీ! నమ్మకపోతే గోదావరిఖని భూపాల్ సంగతి వినండి. విన్నాక మీరే వెళ్లి గ్రాఫిక్స్ కార్డుకు కొబ్బరికాయ కొడతారు.

భూపాల్ తండ్రి ఎల్లన్న బొగ్గుగనిలో పంపు ఆపరేటర్. ఆ రోజే రిటైర్మెంట్, సాయంత్రం కాలనీ హాల్లో సన్మానం. పెద్ద తెర మీద వేయడానికి భూపాల్ విండోస్ బదులు లినక్స్ వేసుకున్న తన లాప్‌టాప్‌లో వీడియో తయారుచేశాడు. గనిలోకి ఫోన్లూ కెమెరాలూ రానివ్వరు కదా, నాన్న పనిలో ఉన్న ఫొటో ఒక్కటీ దొరకలేదు. అందుకని పైన షెడ్డులో పంపు చప్పుడు రికార్డు చేసి, దానికి ఇంటి ఫొటోలు జతచేశాడు. దాదాపు అన్నీ తల్లి పూలమ్మవే. తెర మీద తానూ కనిపిస్తానని ఆమె వాడకట్టంతా చెప్పుకుంది, పట్టుచీర కట్టుకుని ముందే వచ్చి కూర్చుంది.

మధ్యాహ్నం లాప్‌టాప్ 'భద్రతా అప్‌డేట్ సిద్ధం' అంది. ఇంకో ఊరివాడైతే రేపు చూద్దాంలే అనేవాడు. గని కార్మికుడి కొడుకు భద్రతను వాయిదా వేస్తాడా? నొక్కేశాడు!

దాంతో లినక్స్‌కు ఇంజన్ లాంటి కెర్నెల్ కొత్తదైంది. గ్రాఫిక్స్ కార్డును నడపడానికి దాని కంపెనీ తాళం వేసి ఇచ్చిన డ్రైవర్ ప్రోగ్రామ్‌కూ కొత్త కెర్నెల్‌కూ పొసగలేదు. లాప్‌టాప్ తెర వెలుగుతూనే ఉంది కాబట్టి భూపాల్‌కు అనుమానం రాలేదు. బయటి తెరకు బొమ్మ పంపేది ఆ కార్డేనన్న సంగతి హాల్లో కేబుల్ పెట్టాక గానీ గుర్తుకు రాలేదు.

తెరంతా చీకటి. స్పీకర్లో మాత్రం పంపు డుగుడుగుమంటోంది. భూపాల్ వీడియో ఆపబోయాడు. ఎల్లన్న దోస్తు గట్టయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆపకు బిడ్డా. గనిల అచ్చం గిట్లనే ఉంటది. లోపలికి కెమెరా ఎట్ల తీస్కపోయినవ్?"

"అగో, ఎడమదిక్కు నిలబడ్డది నేనే," అన్నాడు వెనక నుంచి ఇంకో గని కార్మికుడు నర్సింగం.

"నువ్వెప్పుడు నిలబడ్డవే? గా కూసున్నోడివి నువ్వు," అన్నాడు గట్టయ్య.

వీడియో అయ్యేదాకా ఆ నలుపులో ఒకరినొకరు గుర్తుపట్టుకుంటూనే ఉన్నారు. సేఫ్టీ ఆఫీసరైతే మూలనున్నవాడు హెల్మెట్ పెట్టుకోలేదని మైకులో మందలించాడు. ఎల్లన్న కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. డ్రైవర్ సరిగ్గా పనిచేసి ఉంటే ఇంత సహజమైన చిత్రం వచ్చేదా, మీరే చెప్పండి!

చప్పట్లు ఆగాక పూలమ్మ కొడుకు దగ్గరికి వచ్చింది.

"నేనేడున్నరా అండ్ల?"

"లోపలనే ఉన్నవే అవ్వా. డ్రైవర్‌కు కంపెనీ తాళమేసింది. అండ్ల ఏముందో లినక్సోళ్లకు గూడ జూపియ్యరట. వీళ్లనడిగితె కంపెనీనడుగుమంటరు, కంపెనీనడిగితె వీళ్లనడుగుమంటది."

"మనం కొన్నదే గద?"

"మనదే."

పూలమ్మ ఆ తెరవైపు చెయ్యి చూపింది.

"మీ నాయన గిన్నేండ్లు దిగిన గని నాకు ఒక్కనాడు జూపియ్యకపాయిరి. ఇయ్యాల నా ఇంటి ఫొటోలల్ల నన్ను గూడ జూపియ్యకపాయిరి."