పాలగుడకు ఆరు ట్రిప్పులు

2004 డిసెంబరులో ఒక సోమవారం పొద్దున్నే స్వామి అనంతగిరి కొండమీది కాఫీ రైతుల సంఘం ఆఫీసు తలుపు తీశాడు. ఏ ట్రిప్పుకు ఏ ఊరి పండ్లు తేవాలో చెప్పే చీటీలు, ఆరు ఊళ్లకు ఆరు, అచ్చు తీసి జీపు డ్రైవరు సోంబరుకు ఇవ్వాలి, పండ్లు మధ్యాహ్నానికి దిగాలి. కోసిన కాఫీ పండుకు ఆ రోజే తోలు తీయకపోతే పులిసిపోతుంది. సాయంత్రం సంఘం ప్రెసిడెంటు పోలయ్య వచ్చి, కంప్యూటరు గది తాళంచెవిని అక్కడ ప్రోగ్రాములు రాసే స్వామి, గాయత్రిలలో ఒకరికి ఇస్తానన్నాడు.

ఆ తాళంచెవి తనదేనని స్వామి రెండేళ్లుగా అనుకుంటున్నాడు. కాఫీ కొనడానికి వచ్చిన ఫ్రాన్సు ఆయన ఓకామెల్ అనే కంప్యూటరు భాష నేర్పి వెళ్లాక, చీటీల ప్రోగ్రాము రాసింది స్వామే. దాన్ని మాడ్యూళ్లతో రాశాడు. మాడ్యూలంటే పనిముట్ల పెట్టె లాంటిది. ఊరి వివరాలు ఇస్తే చీటీ ఇస్తుంది, తనలో ఏదీ దాచుకోదు. అది ఒక్కరోజు కూడా తప్పు చెయ్యలేదు గనక ఎవరూ మెచ్చుకోలేదు.

గాయత్రి చేరి ఆరు నెలలే అయింది. యంత్రాలు నడిపే ప్రోగ్రామును ఆబ్జెక్టులతో రాసింది. ఒక్కో ఆబ్జెక్టు తన సంగతి తనే గుర్తుపెట్టుకుంటుంది. మొదలుపెట్టమంటే తోలు తీసేది తోలు తీస్తుంది, కడిగేది కడుగుతుంది. పోలయ్య అది చూసి "బాగా సేసినావే గుంటా!" అని ఆమెకు సాసరు మీద కప్పుతో కాఫీ ఇప్పించాడు. స్వామికి మామూలు గాజుగ్లాసు వచ్చింది. ఆ సాసరు గుర్తొచ్చినప్పుడల్లా స్వామికి కడుపు మండిపోయేది.

అందుకే ఆదివారమంతా కూర్చుని తన ప్రోగ్రామును ఆబ్జెక్టుల్లోకి మార్చాడు. పాతది చెరిపేశాడు కూడా. ఆరు ఊళ్లకు ఆరు ఆబ్జెక్టులు చేయాల్సింది, తొందరలో ఒకటే చేసి, దాని పేరే ఆరుసార్లు మార్చి జాబితాలో పెట్టాడు. ఆరు చోట్లా ఉన్నది ఒకటే కాబట్టి చివర పెట్టిన పాలగుడ పేరే ఆరు చీటీల మీదా పడింది.

సోంబరు చీటీలు చూసి తల గోక్కున్నాడు.

"బాబూ, అన్నీ పాలగుడేనేటి?"

స్వామి అప్పుడు గాయత్రి టేబులు వైపు ఓరగా చూస్తున్నాడు. "కంప్యూటరు తప్పు సెప్పదు. బేగి ఎల్లు," అన్నాడు.

సోంబరు వెళ్లాడు. మొదటిసారి పండ్ల బస్తాలన్నీ ఎక్కించాడు. సరుకు దించేది ఆఫీసు వెనక మిషన్ల షెడ్డులో కాబట్టి ఏం వస్తోందో స్వామికి కనబడలేదు. రెండోసారికి ఊరి పెద్ద భీముడు చెట్లమీద మిగిలినవి దులిపించాడు. మూడోసారి వచ్చేసరికి ఆయనకు అనుమానమొచ్చింది.

"ఏటిరా సోంబరూ, ఇంకేటి కావాల?"

"నాకేటి తెలుసు మావా? చీటీలో మీ ఊరే ఉంది."

సంఘం అన్నీ కొంటోందనుకుని గుమ్మడికాయలు ఎక్కించారు. నాలుగోసారి మేకలనూ, అయిదోసారి సంతకు పోయే ఆడవాళ్లనూ ఎక్కించారు. ఆరోసారి డప్పులతో ఎదురొచ్చి జీపుకు బంతిపూల దండ వేశారు. తమ ఊరికి బస్సు పడిందని వాళ్ల సంబరం.

మిగతా అయిదు ఊళ్లవాళ్లు జీపు కోసం చూసి చూసి, పండ్లు కావళ్లలో మోసుకుని తిట్టుకుంటూ ఆఫీసుకు వచ్చేశారు. దండ వేసిన జీపూ, షెడ్డులోంచి తప్పించుకున్న మేకలూ, పోలయ్యా ఒకేసారి వాకిట్లోకి చేరారు.

"తిట్లు తరవాత. బేగి మిషన్లు ఎయ్యండి, పండు పులిసిపోద్ది!" అని పోలయ్య అరిచాడు.

గాయత్రి కదల్లేదు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అవి నడవవండి. నిన్న మాడ్యూళ్లతో మళ్లీ రాశాను. వేరువేరు మిషన్లు కదా, ఒక్కోదాని పని ఒక్కో రకం, అన్నీ ఒక జాబితాలో ఇమడటం లేదు. పాతది చెరిపేశాను."

"బంగారంలాటి ప్రోగ్రాము! ఎందుకు మార్చీసినావు?" అన్నాడు స్వామి.

"మీది రెండేళ్లుగా ఒక్కసారీ ఆగలేదు కదండీ. చూసి ఓర్చుకోలేకపోయాను," అంది గాయత్రి. "అయినా మీకు ఆబ్జెక్టులెందుకండీ? ఆరు ఊళ్లకీ ఒకటే పని. మాడ్యూలు చాలదా?"

ఆ రోజు పాలగుడ ఆడవాళ్లు సంత మానుకుని చేత్తో యంత్రాలు తిప్పి తోలు తీశారు. పండ్లు దక్కాయి. పోలయ్య తాళంచెవి తీసి ఇద్దరినీ చూశాడు.

"ఒకల్ని సూసి ఒకలు ఏడిసి ఉన్నది పాడు సేసుకున్నారు. సెప్పిన పని సెప్పినట్టు ఆరుసార్లు సేసినోడు సోంబరొక్కడే," అని దాన్ని జీపు తాళాల గుత్తికి తగిలించాడు.

మర్నాడు సోంబరుకు సాసరు మీద కాఫీ వచ్చింది. స్వామీ గాయత్రీ గాజుగ్లాసులు పట్టుకుని, మొదటిసారి ఒకే మనిషిని చూసి కుళ్లుకున్నారు.